రొమ్ము బయాప్సీ తరువాత చేసే ఐహెచ్‌సీ పరీక్ష: రెండు ల్యాబుల సేవపై సమీక్ష

రొమ్ములోని గడ్డకు బయాప్సీ చేసి అది క్యాన్సరేనని తేలిన తరువాత, అదే ముక్కపై మరొక పరీక్ష చేయిస్తారు. ఆస్పత్రుల్లో దాన్ని ఐహెచ్‌సీ అంటారు. పూర్తి పేరు ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ. క్యాన్సర్ కణాల్లో ఈస్ట్రోజన్ హార్మోన్‌ను అందుకునే ఈఆర్, ప్రొజెస్టెరాన్ హార్మోన్‌ను అందుకునే పీఆర్ అనే గ్రాహకాలు, హెర్-2 అనే ప్రొటీన్ ఎంత మేరకు ఉన్నాయో, ఆ కణాల్లో ఎంత శాతం విభజన చెందే దశలో ఉన్నాయో ఈ పరీక్ష వాటికి రంగు పట్టించి చెబుతుంది. మా పెద్దమ్మకు దీన్ని రెండు చోట్ల చేయించవలసి వచ్చింది. మొదట కోస్తాలో మా జిల్లా కేంద్రంలోని ఒక ల్యాబులోను, తరువాత హైదరాబాదులో పాథాలజీ పరీక్షలు మాత్రమే చేసే ఒక ల్యాబులోను చేయించాము. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరు వేర్వేరు రోగులవేమో అనిపించేంత తేడా ఉంది. ఈ సమీక్ష ప్రధానంగా రెండో ల్యాబు సేవ గురించి. రెండింటి పేర్లూ రాయడం లేదు. ఈ పరీక్ష నాణ్యత బోర్డు మీది పేరుపై కంటే, ముక్కను సూదితో తీసినవారు, దాన్ని సీసాలో వేసినవారు, స్లైడును చూసిన పాథాలజిస్టు చేసే పనిపైనే ఎక్కువగా ఆధారపడుతుంది. ఏ ఊళ్లో ఏ ల్యాబుకు వెళ్లినా ఏమి చూసుకోవాలో పాఠకులకు తెలియజేయడమే నా ఉద్దేశం.

ఈ రిపోర్టుకు ఇంత ప్రాధాన్యం ఎందుకో ముందు చెప్పాలి. రొమ్ము క్యాన్సర్ అని మనం ఒక్క పేరుతో పిలిచేది నిజానికి నడవడిలో ఒకదానికొకటి పోలిక లేని అనేక జబ్బుల సమూహం. 2000 సంవత్సరంలో అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ పెరూ, ఆయన సహచరులు ఈ కణితుల్లోని జన్యువుల పనితీరును విశ్లేషించి, పైకి ఒకేలా కనిపించే గడ్డలు లోపల వేర్వేరు కుటుంబాలకు చెందినవని చూపించారు. వైద్యులు ఇప్పుడు వాడే లూమినల్ ఏ, లూమినల్ బి, హెర్-2, బేసల్ వంటి విభజనలకు ఆ పరిశోధనే మూలం. ఆ జన్యు పరీక్షను ప్రతి రోగికీ చేయడం సాధ్యం కాదు కనుక, దానికి దగ్గరగా ఉండే ప్రత్యామ్నాయంగా ఐహెచ్‌సీని వాడుతున్నారు. భారతదేశంలో 2022లో సుమారు 1 లక్షా 92 వేల మంది మహిళలకు కొత్తగా ఈ జబ్బు బయటపడిందని అంతర్జాతీయ క్యాన్సర్ గణాంకాల పట్టిక గ్లోబోకాన్ అంచనా. వారిలో ఎవరికి ముందు ఆపరేషన్ చేయాలి, ఎవరికి ముందు కీమో ఇవ్వాలి, ఎవరికి మాత్రలు చాలు, ఎవరికి ఏడాది పాటు ఇంజెక్షన్లు కావాలి అన్న నిర్ణయాలన్నీ ఈ ఒక్క కాగితం మీద ఆధారపడి ఉంటాయి. అందువల్ల ఇది తప్పైతే తరువాత జరిగే వైద్యమంతా దారి తప్పుతుంది.

మొదటి ల్యాబు ఇచ్చిన రిపోర్టులో 'ఇన్‌వేజివ్ లోబ్యులర్ కార్సినోమా, గ్రేడ్ 2' అని ఉంది. గ్రేడ్ అంటే క్యాన్సర్ కణాలు మామూలు కణాలకు ఎంత భిన్నంగా ఉన్నాయో ఒకటి నుంచి మూడు దాకా చెప్పే అంకె. దాని కింద ఈఆర్, పీఆర్, హెర్-2 మూడింటికీ ఎదురుగా 'నెగెటివ్' అనే మాట తప్ప మరేమీ లేదు. ఎన్ని శాతం కణాలకు రంగు పట్టింది, రంగు ఎంత గాఢంగా పట్టింది, హెర్-2 స్కోరు సున్నానా ఒకటా, ముక్కను చెడిపోకుండా కాపాడే ఫార్మలిన్ ద్రవంలో ఎంతసేపు ఉంచారు, పరీక్ష సరిగా జరిగిందని చూపే కంట్రోల్ ఏమైంది, ఇవేవీ రాయలేదు. మూడూ నెగెటివ్ అంటే ట్రిపుల్ నెగెటివ్ రకం. ఆ మాట విన్న రోజు నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, ఎందుకంటే అది త్వరగా పాకే రకమని అప్పటికే బంధువులు చెప్పి ఉన్నారు. ముందు కీమో మొదలుపెట్టి, ఆ తరువాత ఆపరేషన్ చేద్దామని స్థానిక వైద్యులు చెప్పారు. ఆ రిపోర్టు నిజమైతే ఆ సలహా తప్పు కాదు.

హైదరాబాదులో ఆంకాలజిస్టు (క్యాన్సర్ వైద్య నిపుణులు) ఆ కాగితాన్ని చదివి, కీమో మాట పక్కన పెట్టి, లోబ్యులర్ రకం, గ్రేడ్ 2, మూడూ నెగెటివ్ అన్నవి ఒకే రోగిలో కలవడం చాలా అరుదని, ముందు పరీక్షను అనుమానించాలని అన్నారు. రోగిని పరీక్షించకముందే రిపోర్టులోని మాటల మధ్య పొంతన చూసిన ఆ వివేకం మా పెద్దమ్మ వైద్యాన్ని మార్చివేసింది. ఆ పొంతన ఏమిటో అర్థం కావాలంటే లోబ్యులర్ రకం సంగతి కొంత తెలియాలి.

రొమ్ము క్యాన్సర్లలో అత్యధికం, అంటే నూటికి 70 నుంచి 80 దాకా, డక్టల్ అని వాడుకలో పిలిచే సాధారణ రకం. లోబ్యులర్ రకం సుమారు 10 నుంచి 15 శాతం. కణాలను ఒకదానితో ఒకటి అంటిపెట్టి ఉంచే ఇ-క్యాడ్‌హెరిన్ అనే ప్రొటీన్ ఈ రకంలో సాధారణంగా లోపిస్తుంది. అందువల్ల కణాలు ముద్దగా కూడవు. ఒకదాని వెనుక ఒకటిగా వరుసకట్టి, మామూలు కణజాలం మధ్యలోనుంచి పాకుతూ పోతాయి. గట్టి గడ్డ చేతికి తగలకపోవచ్చు. రొమ్ములో ఒక భాగం కాస్త దళసరిగా మారినట్టు మాత్రమే అనిపించవచ్చు. మామోగ్రామ్‌లో కూడా ఇది తరచుగా తప్పించుకుంటుంది, కనిపించినా అసలు పరిమాణం కంటే చిన్నదిగా కనిపిస్తుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు ఎంఆర్‌ఐ అడుగుతారు. అయితే ఈ రకం కణాలు దాదాపు ఎప్పుడూ ఈస్ట్రోజన్‌పై ఆధారపడి బతుకుతాయి, మెల్లగా విభజన చెందుతాయి, మామూలు కీమోకు పెద్దగా లొంగవు, హార్మోన్ మాత్రలకు బాగా లొంగుతాయి. వ్యాపించినప్పుడు ఎముకలతో పాటు, డక్టల్ రకం అంతగా వెళ్లని చోట్లకు, అంటే కడుపులోని పొర, జీర్ణాశయం, పేగులు, అండాశయాలకు పోవడం దీని ప్రత్యేకత. చాలా ఏళ్ల క్రితం రొమ్ము ఆపరేషన్ అయిన స్త్రీకి కడుపు ఉబ్బరం, ఆకలి మందగించడం వంటి లక్షణాలు విడవకుండా ఉంటే, ఆ పాత జబ్బు సంగతిని వైద్యునికి తప్పక చెప్పాలి.

ఇంత తెలిసిన వైద్యునికి 'లోబ్యులర్, ఈఆర్ నెగెటివ్' అన్న వాక్యం పంటి కింద రాయిలా తగులుతుంది. మొదటి ల్యాబు పాథాలజిస్టుకూ అలాగే తగిలి ఉండవలసింది. తగలకుండా సంతకం పడిందంటే, ఆకారాన్ని చూసినవారు ఒకరు, రంగును లెక్కించినవారు మరొకరు, రెండింటినీ కలిపి ఆలోచించినవారు లేరని నాకు అనిపించింది.

రెండో ల్యాబుకు మేము మొదటి ల్యాబు నుంచి తెచ్చిన బ్లాకులను, స్లైడ్లను అందజేశాము. బ్లాకు అంటే బయాప్సీ ముక్కను మైనంలో భద్రపరచిన చిన్న దిమ్మ. కౌంటరులో తీసుకున్న వ్యక్తి ప్రతి బ్లాకు నంబరునూ మొదటి రిపోర్టులోని నంబరుతో సరిపోల్చి, తేడా లేదని మా ఎదుటే రాసుకున్నారు. ముక్కను తీసింది ఎప్పుడు, ఎంతసేపటికి ఫార్మలిన్‌లో వేశారు, ఎన్ని గంటలు ఉంచారు అని అడిగారు. మాకు తెలియదంటే, కనుక్కొని చెప్పమన్నారు. ఈ ప్రశ్నలు లాంఛనం కావు. ముక్కను శరీరం నుంచి తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో వేయాలని, కనీసం 6 గంటలు, అత్యధికంగా 72 గంటలు మాత్రమే అందులో ఉంచాలని అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆలస్యమైతే ఈఆర్ ప్రొటీన్ క్షీణించి, ఉన్నది లేనట్టు కనిపిస్తుంది. మా జిల్లా కేంద్రంలో విచారిస్తే, ముక్కను సెలైన్‌లో వేసి ఉంచి, మరునాడు ఫార్మలిన్‌లోకి మార్చారని తెలిసింది.

రెండు రోజుల తరువాత ల్యాబు పాథాలజిస్టు స్వయంగా ఫోన్ చేశారు. ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చిన అంశం ఇదే. క్యాన్సర్ పక్కనే ఉన్న మామూలు పాలనాళాల కణాల్లో కొన్నిటికైనా ఈఆర్ రంగు పట్టాలని, దాన్నే లోపలి కంట్రోల్ అంటారని, మొదటి ల్యాబు స్లైడులో ఆ మామూలు నాళాలకు కూడా రంగు పట్టలేదని ఆమె చెప్పారు. అంటే ఆ స్లైడు క్యాన్సర్ గురించి ఏమీ చెప్పడం లేదు. పరీక్ష జరగలేదని మాత్రమే చెబుతోంది. అదే బ్లాకు నుంచి కొత్త స్లైడు చేసి మళ్లీ ప్రయత్నించారు, ఫలితం అంతే. ముక్కే పాడైంది కనుక మళ్లీ బయాప్సీ చేయించి తాజా ముక్కను పంపమని, పాత దానిపై మరొకసారి పరీక్ష చేసి డబ్బు తీసుకోవడం సరికాదని చెప్పారు. అరవై దాటిన మనిషికి మళ్లీ సూది గుచ్చాలంటే మాకు బాధ కలిగింది. అయినా తెలియని దాన్ని నెగెటివ్ అని రాయకుండా, తెలియదని చెప్పి కొత్త ముక్క అడగడమే సరైన పని.

కొత్త ముక్కపై వచ్చిన రిపోర్టు నాలుగు పేజీలు ఉంది. ఇ-క్యాడ్‌హెరిన్ లోపించింది, కాబట్టి లోబ్యులర్ రకమని నిర్ధారణ. ఈఆర్ 90 శాతం కణాల్లో గాఢంగా, పీఆర్ 60 శాతంలో మధ్యస్థంగా, హెర్-2 స్కోరు 1 ప్లస్, విభజన చెందే కణాల శాతాన్ని చూపే కేఐ-67 సుమారు 12 శాతం. గ్రేడును కూడా విడమరచి, నాళాల ఆకృతికి 3, కేంద్రకాల తేడాలకు 2, విభజనలకు 1, మొత్తం 6, అందువల్ల గ్రేడ్ 2 అని రాశారు. ముక్కను తీసిన సమయం, ఫార్మలిన్‌లో ఉంచిన గంటలు, లోపలి కంట్రోల్‌కు రంగు పట్టిన సంగతి అన్నీ ఉన్నాయి. చివర 'ఆకారానికీ గ్రాహకాల ఫలితాలకూ పొంతన ఉంది' అని ఒక వాక్యం రాశారు. మంచి రిపోర్టుకు నేను ఇప్పుడు చూసే మొదటి గుర్తు ఆ వాక్యమే.

దీనితో వైద్యం పూర్తిగా మారింది. ముందు కీమో అన్న ఆలోచన పోయి, ఆపరేషన్ ముందు జరిగింది. తరువాత ఈస్ట్రోజన్‌ను తగ్గించే లెట్రోజోల్ మాత్ర మొదలైంది. హార్మోన్ పాజిటివ్ అనగానే ఇంట్లో అందరూ తేలికపడ్డారు. ఆ తేలిక చాలావరకు న్యాయమైనదే కాని, ఈ రకం నడవడిని పూర్తిగా తెలుసుకోకుండా తేలికపడకూడదని ఆంకాలజిస్టు విడిగా కూర్చోబెట్టి చెప్పారు.

పాశ్చాత్య దేశాల్లో రొమ్ము క్యాన్సర్లలో సుమారు 70 శాతం లేదా అంతకు మించి హార్మోన్ పాజిటివ్ రకానివే. మన దేశంలో ఆ నిష్పత్తి కొంత తక్కువ. ఈఆర్, పీఆర్ బాగా ఉండి, గ్రేడు, కేఐ-67 తక్కువగా ఉంటే లూమినల్ ఏ అంటారు. పీఆర్ తగ్గి, విభజన వేగం పెరిగితే లూమినల్ బి. మొదటిది నెమ్మదైనది, దానిలో కీమో వల్ల కలిగే మేలు స్వల్పం. రెండోది అంత నెమ్మదిది కాదు, చాలామందికి కీమో కూడా అవసరమవుతుంది. అయితే ఈ రెండింటికీ దీర్ఘకాలపు గుణం ఒకటుంది. అయిదేళ్లు హార్మోన్ మాత్రలు వాడి, అప్పటికి జబ్బు లేకుండా ఉన్న 62,923 మంది మహిళల వివరాలను కలిపి విశ్లేషించిన అధ్యయనం 2017లో వెలువడింది. అయిదో ఏట నుంచి ఇరవయ్యో ఏట దాకా వారిలో జబ్బు దూర అవయవాలకు తిరిగి వచ్చే ముప్పు ఎక్కడా ఆగలేదు. రెండు సెంటీమీటర్ల లోపు గడ్డ ఉండి చంక గ్రంథులు శుభ్రంగా ఉన్నవారిలో అది సుమారు 13 శాతం. పెద్ద గడ్డ ఉండి, నాలుగు నుంచి తొమ్మిది గ్రంథులకు జబ్బు పాకినవారిలో సుమారు 41 శాతం. వారిలో చాలామందికి వైద్యం జరిగింది పాత రోజుల్లో కాబట్టి ఇప్పటి రోగులకు ఆ అంకెలు కొంత తక్కువగానే ఉంటాయని భావిస్తారు. అయినా దిశ మారదు. అయిదేళ్లు గడిచాయి కనుక గండం గడిచినట్టేనని మన ఇళ్లలో అనుకునే మాట ఈ రకానికి వర్తించదు. మాత్రను మధ్యలో మానకపోవడం, సంవత్సరాల తరబడి వెళ్లి చూపించుకోవడం, విడవని ఎముకల నొప్పిని వయసు నొప్పిగా కొట్టిపారేయకపోవడం ముఖ్యం. లెట్రోజోల్ కీళ్ల నొప్పులు తెస్తుంది, ఎముకలను పలచబరుస్తుంది. చాలామంది మాత్ర మానేసేది ఈ నొప్పులకే. నెలసరి ఆగనివారికి టామాక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర ఇస్తారు. ముప్పు ఎక్కువైన వారికి పదేళ్ల దాకా కొనసాగిస్తారు.

ట్రిపుల్ నెగెటివ్ దీనికి దాదాపు తలకిందుల నడవడి గలది. పాశ్చాత్య దేశాల్లో ఇది సుమారు 10 నుంచి 15 శాతం కాగా, భారతీయ అధ్యయనాలు చాలావాటిలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా కనిపించింది. మన రోగులు సగటున చిన్నవయసు వారు కావడం ఇందుకు ఒక కారణం. అయితే మా అనుభవం తరువాత, ఫార్మలిన్ సరిగా అందని ముక్కలు కూడా ఈ లెక్కలో ఎంతో కొంత చేరుతున్నాయేమో అన్న ప్రశ్న నాకు కలుగుతూనే ఉంది. ఈ రకం వేగంగా పెరుగుతుంది, రెండు మామోగ్రామ్‌ల మధ్య వ్యవధిలోనే బయటపడగలదు, తిరిగివస్తే ఎక్కువగా మొదటి మూడేళ్లలోనే వస్తుంది, ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు పోయే గుణం కలది. కాని కీమోకు బాగా లొంగేది కూడా ఇదే. ఆపరేషన్‌కు ముందు కీమో ఇచ్చినప్పుడు గడ్డ పూర్తిగా మాయమైన వారి భవిష్యత్తు చాలా మెరుగ్గా ఉంటుంది. కీమోతో పాటు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ ఇచ్చిన అధ్యయనంలో 2020లో ప్రచురించిన ఫలితాల ప్రకారం అలా మాయమైన వారు సుమారు 65 శాతం, కీమో మాత్రమే తీసుకున్నవారిలో 51 శాతం. ఆ మందు ఖర్చు మన మధ్యతరగతికి చాలా భారం. అయిదేళ్లు దాటిన తరువాత ఈ రకం తిరిగిరావడం అరుదు. పైన చెప్పిన ఆలస్యపు ముప్పు దీనికి అంతగా లేదు. ట్రిపుల్ నెగెటివ్ అన్న మాటతోనే ఆశ వదులుకోవలసిన పని లేదని, ఆ రిపోర్టు చేతికందిన కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పాలనుకుంటున్నాను. ఈ రకం వచ్చినవారికి, వంశపారంపర్యంగా ముప్పు పెంచే మార్పులను వెతికే బీఆర్‌సీఏ జన్యు పరీక్ష సూచిస్తారు. అది అక్కచెల్లెళ్లకు, బిడ్డలకు కూడా ఉపయోగపడుతుంది.

ఈ రెండు పేరాలు చదివినవారికి, మొదటి రిపోర్టు పొరపాటు ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. కీమోకు అంతగా లొంగని జబ్బుకు నెలల తరబడి కీమో ఇచ్చి, అది నిజంగా లొంగే మాత్రను అసలు ఇవ్వకుండా ఉండేవారు.

హెర్-2 విషయంలో ఈ ల్యాబు పద్ధతి బాగుంది. రంగును బట్టి 0, 1 ప్లస్, 2 ప్లస్, 3 ప్లస్ అని స్కోరు ఇస్తారు. 3 ప్లస్ అంటే పాజిటివ్, 2 ప్లస్ అంటే తేలనిది. అప్పుడు ఫిష్ అనే జన్యు పరీక్షతో తేల్చాలి. 2 ప్లస్ వస్తే ఫిష్ చేయడానికి అనుమతిని ముందే సంతకం చేయించుకుంటారు. దానితో రోగి మళ్లీ తిరగవలసిన అవసరం తప్పుతుంది. హెర్-2 పాజిటివ్ రకం నూటికి 15 నుంచి 20 దాకా ఉంటుంది. ఒకప్పుడు అత్యంత దూకుడైన రకాల్లో ఇదొకటి. అమెరికా క్యాన్సర్ వైద్యుడు డెన్నిస్ స్లామన్ కృషితో రూపొందిన, హెర్-2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందు 1998లో అమెరికాలో అనుమతి పొందింది. తొలి దశ రోగులకు కూడా దాన్ని ఇస్తే తిరిగివచ్చే ముప్పు దాదాపు సగానికి తగ్గుతుందని 2005లో వెలువడిన అధ్యయనాలు చూపాయి. ఒక జబ్బు కథను ఒక మందు ఇంతగా మార్చిన సందర్భాలు క్యాన్సర్ వైద్యంలో తక్కువ. 2014లో బయోకాన్ కంపెనీ దానికి సమానంగా పనిచేసే తన మందును (బయోసిమిలర్) మన దేశంలో విడుదల చేసిన తరువాత ధర కొంత అందుబాటులోకి వచ్చింది. ఏడాది పాటు ఇవ్వవలసిన మందు ఇది. గుండె పనితీరును ఎకోతో మధ్యమధ్య చూడాలి. వ్యాపించిన దశలో ఈ రకం మెదడుకు పోయే గుణం కలది కనుక తలనొప్పి, చూపు తేడా వంటివాటిని తేలికగా తీసుకోకూడదు. మా పెద్దమ్మకు వచ్చిన 1 ప్లస్‌ను ఒకప్పుడు నెగెటివ్ అని రాసి వదిలేసేవారు. 2022 నుంచి, వ్యాపించిన జబ్బులో 1 ప్లస్ ఉన్నవారికి, 2 ప్లస్ ఉండి ఫిష్ నెగెటివ్ వచ్చినవారికి ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ అనే మందు పనిచేస్తుందని తేలింది. కాబట్టి స్కోరు రాయకుండా 'నెగెటివ్' అని మాత్రమే రాసే ల్యాబు రోగికి భవిష్యత్తులో తెరుచుకోగల ఒక దారిని కనబడకుండా చేస్తోంది.

కేఐ-67 దగ్గర మాత్రం ఏ ల్యాబునైనా కొంత ఓపికగా చూడాలి. ఒకే స్లైడును ఇద్దరు చూస్తే రెండు అంకెలు రావడం మామూలు. 5 శాతం లోపు, 30 శాతం పైన ఉన్న ఫలితాలను నమ్మవచ్చు, నడిమి అంకెలను ఆధారం చేసుకొని పెద్ద నిర్ణయాలు తీసుకోకూడదు అన్నది ఈ రంగపు నిపుణుల బృందం అభిప్రాయం. ఈ ల్యాబు 'సుమారు' అన్న మాట చేర్చి, ఎన్ని కణాలు లెక్కించారో రాసింది. కీమో కావాలా అన్న సందేహం మిగిలినప్పుడు ఆంకోటైప్ డీఎక్స్ వంటి 21 జన్యువుల పరీక్ష సూచిస్తారు. 2018లో వెలువడిన టైలర్ఎక్స్ అధ్యయనం, గ్రంథులకు పాకని హార్మోన్ పాజిటివ్ రకంలో ఆ పరీక్ష స్కోరు 11 నుంచి 25 మధ్య ఉన్నవారిలో యాభై దాటిన స్త్రీలకు కీమో వల్ల అదనపు మేలు లేదని చూపింది. యాభై లోపు వారిలో 16 నుంచి పైన కొంత మేలు కనిపించింది. ముక్క అమెరికా వెళ్లాలి, ఖర్చు లక్షల్లో ఉంటుంది. మా ఆంకాలజిస్టు మా విషయంలో దాని అవసరం లేదన్నారు.

కొన్ని రకాలు ఐహెచ్‌సీకి అందవు; వాటిని కంటితో చూసి పట్టుకోవాలి. ఇన్‌ఫ్లమేటరీ రకంలో గడ్డ ఉండకపోవచ్చు. రొమ్ము కొన్ని వారాల్లోనే ఎర్రబడి, వాచి, చర్మం నారింజ తొక్కలా మారుతుంది. దాన్ని చీము గడ్డ అనుకొని యాంటీబయాటిక్‌లు వాడుతూ విలువైన వారాలు పోగొట్టుకోవడం తరచుగా జరుగుతుంది. పాలిచ్చే తల్లి కాని స్త్రీకి అలాంటి వాపు మందులతో తగ్గకపోతే వెంటనే బయాప్సీ అడగాలి. చనుమొనపై పుండులా, దురదగా మొదలయ్యే పేజెట్ జబ్బుదీ అదే తీరు. చర్మపు పూతలతో తగ్గకపోతే ముక్క తీయించాలి. మ్యూసినస్, ట్యూబ్యులర్ రకాలు సౌమ్యమైనవి, మెటాప్లాస్టిక్ రకం ట్రిపుల్ నెగెటివ్‌గా ఉంటూనే కీమోకు అంతగా లొంగనిది. ఈ పేర్లలో ఏదైనా రిపోర్టులో కనిపిస్తే దానికి ప్రత్యేకంగా అర్థం ఏమిటో వైద్యుణ్ణి అడగడం మంచిది.

ఇక లోపాలు. ఈ ల్యాబు రిపోర్టు చేతికి రావడానికి, కొత్త ముక్క అందించిన తరువాత వారం పైనే పట్టింది. బయట మూడు నాలుగు రోజుల్లో ఇస్తామనే ల్యాబులు ఉన్నాయి కాబట్టి ఆందోళనలో ఉన్న కుటుంబానికి ఇది చాలా కాలం అనిపిస్తుంది. అయినా వారం ఆలస్యం వల్ల ఈ జబ్బులో ప్రమాదం పెరగదని వైద్యులు చెప్పారు. ఎప్పుడు వస్తుందో కౌంటరులో ఎవరూ స్పష్టంగా చెప్పలేకపోవడం మాత్రం సరిదిద్దుకోవలసిన విషయం. రిపోర్టు అంతా ఇంగ్లీషులో ఉంది. నాలుగు పేజీల శాస్త్రీయ వివరం వైద్యునికి అవసరమే, కాని దానితో పాటు అర పేజీ తెలుగులో, ఇది ఏ రకం, దీనికి సాధారణంగా ఏ దారిలో వైద్యం ఉంటుంది అని రాసి ఇస్తే, జిల్లాల నుంచి వచ్చే ఎంతోమందికి మేలు జరుగుతుంది. మా పెద్దమ్మ ఆ కాగితాన్ని చేతిలో పట్టుకొని, 'ఇందులో నా గురించే కదా ఇంత రాశారు, నాకు ఒక్క ముక్కా తెలియడం లేదే' అన్నారు. పాథాలజిస్టుతో మాట్లాడే సౌకర్యం ఉన్నా, అది ఉన్నదని ఎక్కడా రాసి పెట్టలేదు. ఆమె తనంతట తాను ఫోన్ చేయకపోతే మాకు తెలిసేది కాదు.

ధర విషయంలో నాకు ఫిర్యాదు లేదు. నాలుగు మార్కర్లకు, ఇ-క్యాడ్‌హెరిన్‌కు కలిపి తీసుకున్నది మొదటి ల్యాబు కంటే కొంత ఎక్కువే. కాని పాడైన ముక్కపై రెండోసారి చేసిన పనికి రుసుము తీసుకోలేదు. ఫిష్ అవసరమైతే దాని ఖర్చు వేరుగా ఉంటుందని ముందే కాగితంపై రాసి ఇచ్చారు.

ఈ ల్యాబుకు గాని, మరే ల్యాబుకు గాని వెళ్లేవారు బయాప్సీ గది బయటే కొన్ని విషయాలు చూసుకోవాలి. సన్నసూదితో చేసే ఎఫ్‌ఎన్‌ఏసీ ఒక్కటే సరిపోదు, లావుసూది కోర్ బయాప్సీ కావాలని అడగాలి; కణాలు నాళాన్ని దాటి వ్యాపించాయో లేదో ఎఫ్‌ఎన్‌ఏసీ చెప్పలేదు. ముక్క తీసిన వెంటనే అది ఫార్మలిన్ సీసాలోకి వెళ్లిందో లేదో, సీసాపై పేరు, సమయం రాశారో లేదో వెంట వచ్చిన వారు చూడాలి, సెలైన్ సీసా అయితే అక్కడే అభ్యంతరం చెప్పాలి. రిపోర్టులో ఈఆర్, పీఆర్ ఎదురుగా శాతం, హెర్-2 ఎదురుగా స్కోరు లేకపోతే దాన్ని తిరిగి ఇచ్చి రాయించుకోవాలి. ఈఆర్ ఒకటి నుంచి పది శాతం మధ్య ఉంటే 'తక్కువ పాజిటివ్' అని విడిగా చెప్పాలి, ఎందుకంటే ఆ కణితుల్లో చాలావాటి నడవడి ట్రిపుల్ నెగెటివ్‌కే దగ్గరగా ఉంటుంది. ఏళ్ల తరువాత జబ్బు తిరిగివస్తే పాత రిపోర్టుతో సరిపెట్టుకోకుండా కొత్త చోటి నుంచి ముక్క తీయించి మళ్లీ ఐహెచ్‌సీ చేయించాలి, కొందరిలో గ్రాహకాలు మారి ఉంటాయి. అందుకే బ్లాకులను ల్యాబులోనే వదిలేయకుండా రసీదు ఇచ్చి తీసుకొని, ఎండ, వేడి తగలని చోట దాచుకోవాలి. మా బ్లాకులను ఈ ల్యాబు అడిగిన రోజే, నంబర్లు రాసిన చిన్న పెట్టెలో పెట్టి ఇచ్చింది.